సోమ్లి బండి నీడ

“అండ్ల పండుకోబెడితే పగటీలికి పిల్లలు ఉడికిపోతరు చిన్నత్తా. ఏమన్న అనుకో, నా బిడ్డను మాత్రం నేను పెట్టను.”

జ్యోత్స్న ఆ మాట అన్నది వాకిట్లో అందరి ముందు. మిరపతోట నుంచి అప్పుడే వచ్చిన ఆడవాళ్లు మూతికి చుట్టుకున్న తువ్వాళ్లు విప్పుతూ విప్పుతూ ఆగిపోయారు. జ్యోత్స్న ఎత్తుకున్న బిడ్డను భుజానికి ఇంకా అదుముకుంది. మొహం గట్టిగానే పెట్టుకుంది కానీ లోపల భయంగానే ఉంది. అన్నది సోమ్లితో మరి. సోమ్లిని కాదన్నవాళ్లు ఆ తండాలో తక్కువ, కాదని నెగ్గినవాళ్లు ఇంకా తక్కువ.

సోమ్లి కోప్పడలేదు. తన పికప్ బండి తొట్టి మీద మోచెయ్యి ఆనించి, కోడలి వరసైన జ్యోత్స్న వంక కింది నుంచి మీదికి చూసింది.

“ఉడుకుతరా?”

“అవ్. రేకు కప్పు కదా. ఎండంతా గుంజుకొని లోపలికి వదులుతది.”

“గట్లనా. మరి ఉడకకుండ ఏం చెయ్యాలెనో కూడ చెప్పు. చదువుకున్నవు గద సైన్సు మేడం. భయపడుకుంట కూసుంటే భయమే మిగుల్తది. దాన్ని పనికి పెట్టాలె.”

ఆడవాళ్లు నవ్వారు. జ్యోత్స్నకు నవ్వు రాలేదు.

ఆమె భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది. ములకలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తుంది. కూతురు నైనిక పుట్టినప్పుడు పెట్టిన సెలవు శివరాత్రితో అయిపోతుంది. తిరిగి చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. భర్త భాస్కర్‌కు పినపాక దిక్కు కాంట్రాక్టు పని, ఆదివారం ఆదివారం వచ్చి పోతాడు. అత్త గోరి ఉంది. అయితే మిరప ఏరే కాలంలో ఆ తండాలో ఇంటి పట్టున ఉండేది కుక్కలూ కోళ్లే. గోరి కూడా సోమ్లి తీసుకుపోయే కూలీల ముఠాతో పోతుంది. పోయి కాయలు ఏరదు. తోట గట్టున చంటిపిల్లలందరినీ చూసుకుంటుంది, దానికి ముఠా ఆమెకు వంతు కూలి ఇస్తుంది. కాబట్టి నైనిక ఎక్కడుంటుందన్న ప్రశ్నకు ఒకటే జవాబు: గోరి ఎక్కడుంటే అక్కడ.

పోయినేడు ఆ తోట గట్టునే ఒక బిడ్డకు వడదెబ్బ తగిలింది. నాలుగు కర్రలు పాతి పైన చీర కప్పిన నీడ అది. పొద్దు తిరిగేసరికి నీడ పక్కకు జరిగింది, బిడ్డ జరగలేదు. తల్లి జంపక్క చూసేసరికి పిల్లాడు తోటకూర కాడలా వాలిపోయి ఉన్నాడు. సోమ్లి బండి ముందు సీట్లో తల్లినీ బిడ్డనూ కూర్చోబెట్టుకుని దవాఖానాకు ఎట్లా తోలిందో ఇప్పటికీ తండాలో కథగా చెప్పుకుంటారు. పిల్లాడు బతికాడు. కానీ ఆ తర్వాత తోటల రైతులు ఒక మాట మీదికొచ్చారు: ఎండలు ముదిరితే చంటిపిల్లల తల్లులను ముఠాలో తేవద్దు. ఏదన్నా అయితే మా మెడకు చుట్టుకుంటది.

చంటిపిల్లల తల్లులు ఈ ఏడు నలుగురు. మిరప కాలం పోతే వాళ్లకు ఏడాది పోయినట్టే.

ఆ నలుగురినీ ఎదురుగా నిలబెట్టుకుని సోమ్లి అన్నది ఒకటే. “నా ముఠాల ఎవ్వరినీ ఇడిచిపెట్టేది లేదు. నీడ లేదంటున్నరు, అంతే గద? నీడను నేనే తోలుకొస్త.”

అట్లా వచ్చింది పికప్ బండికి టాపు కట్టించాలన్న ఆలోచన. తోట గట్టున బండి ఆపితే వెనక తొట్టే పిల్లల గది. మొదట సోమ్లి అనుకున్నది మామూలు రేకు కప్పు. దాని మీదే జ్యోత్స్న ఆ మాట అన్నది. అసలు చిక్కు అక్కడే పడింది, ఎందుకంటే మిగతా తల్లులందరూ ఒక్క తీరుగా అన్నారు: “సైన్సు మేడం తన బిడ్డను పెడితే మేమూ పెడ్తం. ఆమె పెట్టకుంటే మాకూ భయమే.”

*

సోమ్లి పుట్టింది తిరుమలాయపాలెం దిక్కు తండాలో. కూలికి పోయిన తల్లి ఎద్దుల బండి కింద ఇరుసుకు చీర ఉయ్యాల కట్టి అందులో వేసేదట. “పక్కన కట్టేసిన ఎద్దు తోక ఊపితే అదే నాకు ఇసనకర్ర” అంటుంది సోమ్లి. ఆ లెక్కన తాను బండి నీడలో పుట్టిన మనిషినని, బండి తనకు మెట్టినింటి కంటే ముందు చుట్టమని చెప్పుకుంటుంది.

మెట్టినింటికి పికప్ తెచ్చింది మాత్రం ఆమె భర్త హీరాలాల్. సంతలకు కూరగాయలూ మేకలూ తోలేవాడు. నడుము పట్టేసి మంచాన పడ్డాక బండి వాకిట్లో నిలబడిపోయింది. దాన్ని అడగడానికి ఒక దళారి వచ్చి టైర్లు తన్ని చూస్తుంటే, సోమ్లి ఇంట్లోంచి వచ్చి, “తన్నకు. అది ఇంకా మా ఇంటి మనిషే” అని పంపించేసింది. ఆ సాయంత్రమే మొగుడి మంచం పక్కన కూర్చుని అడిగింది, నేర్పుతవా లేదా అని.

కోసిన వరి మడుల్లో నేర్చుకుంది. మంచం బయట వేయించుకుని హీరాలాల్ అక్కడి నుంచే అరిచేవాడు. మొదట కూల్చింది వాళ్ల స్నానాల తడకనే. లైసెన్సు వచ్చిన రోజు సంతలో ఒక గుడ్ల వ్యాపారి, “ఆడమనిషి తోలితే నా గుడ్లు ఇంటికి చేరేసరికి ఆమ్లెట్టే” అన్నాడు. సోమ్లి అతని ట్రేలే ఎత్తించుకుని కొత్తగూడెం తోలింది. ఒక్కటే పగిలింది. “అది కూడ దించేటప్పుడు ఆయన చేతులనే పగిలింది” అని చెప్పి, విన్నవాళ్లు నవ్వేదాకా ఆగి, తర్వాత తాను నవ్వుతుంది.

బండి అద్దం మీద పేరు రాసే పెయింటరు ‘అండ్ సన్స్’ అని కలపాలా అని అడిగితే, “కొడుకుల్లేరు. సోమ్లి చాలు” అన్నది. అందుకే ఆ బండి మీద పెద్ద అక్షరాలతో ఒకటే మాట ఉంటుంది.

ఆ బండికి ఒక కట్టుబాటు కూడా ఉంది. కదిలే బండి తొట్టిలో మనిషి ఉండకూడదు. ముఠా అంతా ఆటోల్లో పోతుంది, చంటిపిల్లలు తల్లుల ఒళ్లో పోతారు. నీళ్ల డబ్బాలూ సద్ది గిన్నెలూ పట్టాలూ మాత్రమే పికప్‌లో. “మిరపకాయలకు పోయే బండ్లు బోర్లపడ్డయని ఎన్నిసార్లు ఇనలేదు? తొట్టి సామాన్లకు. నిలబెట్టినంక ఇల్లంటవా, అది వేరే ముచ్చట.” హీరాలాల్ నడుము కాస్త తేరుకున్న రోజుల్లో ఒకసారి వాన మొదలైతే ఒక ముసలాయన వెనక ఎక్కబోయాడు. సోమ్లి తాను దిగి, ఆయనను ముందు సీట్లో కూర్చోబెట్టి, పక్కనున్న హీరాలాల్‌ను దించేసింది. హీరాలాల్ తడిసి ఇంటికొచ్చాడు. ఆ ముచ్చట చెప్పేటప్పుడు అతను తిడుతున్నాడో పొగుడుతున్నాడో తెలియదు.

*

టాపు చూడటానికి కొత్తగూడెంలో చిరంజీవి వెల్డింగు షెడ్డుకు పోయారు, సోమ్లీ జ్యోత్స్నా. బిడ్డను గోరి దగ్గర వదిలి రావడం జ్యోత్స్నకు అదే మొదలు. దారిలో ఫోను తీసి, పెట్టి, మళ్లీ తీసింది.

“ఇందాకే చేసినవు గద.”

“పండుకుందా అని, చిన్నత్తా.”

“పండుకున్నా నువ్వు చేసే ఫోనుకు లేస్తది.”

చిరంజీవి బండ్లకు బాడీలు కట్టే మనిషి. సోమ్లిని చూడగానే, “ఏందక్కా, మళ్ల తడక కూలగొట్టినవా?” అన్నాడు. ఆ కథ అంత దూరం పాకిందన్నమాట. ఆమె కూడా తగ్గలేదు. “కూలగొడితే నీ షెడ్డే కూలగొడ్త. ముందు మంచి టాపు చూపియ్.”

అతను మూడు చూపించాడు. ఇనప కమ్మీల మీద తాడిపత్రి కప్పిన టాపు మొదటిది. గాలి బాగా ఆడుతుంది కానీ ఎండ దాని గుండానే దిగుతుంది. దాని కింద చెయ్యి పెట్టి జ్యోత్స్న వెంటనే తీసేసింది. రెండోది గట్టి ఫైబరు. నున్నగా మెరుస్తోంది. సోమ్లి దాని చుట్టూ తిరిగి, వేళ్లతో కొట్టి చూసి, “ఇది పెండ్లికొడుకు కారు లెక్కుంది. మా దుమ్ముల తిరిగితే నెలకే ముసలిదైతది” అని వదిలేసింది.

మూడోది ఆమెను పట్టేసింది. చేపలు తోలిన బండి మీది తెల్ల డబ్బా. గోడల మందం బెత్తెడు. బయట ఎండ మండుతున్నా లోపల చెయ్యి పెడితే చల్లగా ఉంది.

“ఇగో, ఇదీ!” అన్నది సోమ్లి. “ఇండ్ల ఉడుకుతరా చెప్పు?”

జ్యోత్స్నకు ఆ డబ్బాను చూడగానే ఊపిరి ఆడలేదు. చెప్పడానికి నోరు తెరిచింది. ఈలోపే సోమ్లి చెప్పులు విడిచి డబ్బాలోకి ఎక్కి, కింద సాగిలబడి పడుకుని, “తలుపెయ్యి చిరంజీవీ” అన్నది.

“అక్కా, ఎందుకు?”

“పిల్లలను పెట్టే జాగ. నేను పండుకోకుండ తెల్వదు. ఎయ్యి.”

తలుపు మూశారు. జ్యోత్స్న బయట నిలబడి లోపలి గాలి ఎంతసేపు వస్తుందో మనసులో లెక్కలు కడుతోంది. లెక్క పూర్తి కాకముందే లోపలి నుంచి దబదబ తలుపు బాదిన చప్పుడు. తీస్తే సోమ్లి చెమటలు తుడుచుకుంటూ దిగింది. జాకెట్టు వాసన చూసుకుని మొహం చిట్లించింది.

“చల్లగనే ఉంది. చేపలు పోయినయ్ గని వాటి ఆత్మలు పోలేదు. గాలి మాత్రం లేదు బిడ్డా. చచ్చిన చేపకు గాలితోని ఏం పని? మన పిల్లలకు ఉంది.” తర్వాత జ్యోత్స్న మొహం చూసి, “నువ్వు ఇదే చెప్దమనుకున్నవా?” అని అడిగింది.

“అవ్, చిన్నత్తా.”

“మరి జల్దీ చెప్పాలె! నేను లోపలికి పోకముందే చెప్పాలె.”

ముగ్గురూ నవ్వారు. చాలా రోజుల తర్వాత జ్యోత్స్న బిడ్డను మరిచి నవ్వింది. మరిచినందుకు వెంటనే ఫోను చేసింది.

చివరికి ఉన్నవేవీ వద్దని కొత్తదే కట్టించాలనుకున్నారు. కప్పు రేకుదే, చుట్టూ మాత్రం గోడలుండవు. నడుము ఎత్తు దాకా సన్న కమ్మీల జాలి, ఆ పైన చుట్టి కట్టుకునే తెరలు. గాలి సమస్య తీరింది. మిగిలింది ఎండ.

జ్యోత్స్న సుద్దముక్క తీసుకుని షెడ్డు నేల మీద బొమ్మ గీసింది. ఒక కప్పు కాదు, రెండు. పైది రేకు, తెల్ల రంగు వేసినది. దాని కింద బెత్తెడు ఖాళీ. ఖాళీకి ముందూ వెనకా జాలి, వేడెక్కిన గాలి దాని గుండా బయటికి పోవాలి. ఆ కింద థర్మాకోల్ పలకలు, వాటి కింద ప్లైవుడ్. “చాయ్ ఫ్లాస్కు తీరుగ. బయటి వేడి లోపలికి రాకుండ మధ్యల అడ్డం.”

“అడ్డం మంచిదే గని థర్మాకోల్‌ను మా ఎలుకలు పల్లీల లెక్క తింటయ్” అన్నది సోమ్లి. దాంతో అంచుల చుట్టూ రేకు పట్టీలు వేసి ఎలుక పన్ను దూరకుండా మూసేయాలని బొమ్మకు ఇంకో గీత కలిసింది.

తర్వాత ఉయ్యాలల దగ్గర పేచీ వచ్చింది. కప్పు కింది పైపుకు పొట్టిగా కట్టేస్తే ఉయ్యాలలు తొట్టిలోని సామాన్లకు తగలవని సోమ్లి అన్నది. జ్యోత్స్న బడి ప్రయోగశాల నుంచి తెచ్చిన థర్మామీటరును చిరంజీవి షెడ్డు కప్పు దగ్గర కాసేపు, నేల దగ్గర కాసేపు పట్టి చూపించింది. పైన వేడి, కింద చల్లదనం. తేడా చూసి చిరంజీవి, “అందుకేనా నేను నిచ్చెనెక్కితే చెమట కారేది” అన్నాడు. ఉయ్యాల పైపుకే కట్టాలి, తాడు మాత్రం పొడుగ్గా వదిలి బిడ్డ కిందికి ఉండేలా చేయాలి. పొడుగు తాడుకు ఊపు నెమ్మదిగా కూడా వస్తుందని జ్యోత్స్న చెప్పింది.

“అది నాకు తెల్సు” అన్నది సోమ్లి దర్జాగా. “ఇరుసుకు కట్టిన ఉయ్యాలల ఊగి ఊగి నా బుర్ర గిట్లయింది. పొట్టి తాడు.”

*

కప్పు బిగించిన బండి తండాలోకి వచ్చిన రోజు పిల్లలు దాని వెనక ఉరికారు. హీరాలాల్ గోడ పట్టుకుని లేచి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

“ఇదేంది, బండా పెండ్లి పందిరా?”

“నీకెందుకు, నిన్నేం పెండ్లికొడుకును చేస్తలేం” అన్నది సోమ్లి. కానీ ఆమె మొహంలో వెలుగు దాగలేదు. మాటిమాటికీ కొంగుతో రేకు తుడుస్తూనే ఉంది.

ఇక తెరలు మిగిలాయి. గాలి వచ్చే వైపు తడిపిన గోనె వేలాడదీస్తే, దాని గుండా వచ్చే గాలి చల్లబడుతుందని సోమ్లి అన్నది. జ్యోత్స్న సంబరంగా ఒప్పుకుంది, కూలర్ల పద్ధతి అదే. తండాలో ప్రతి ఇంటి నుంచీ గోనె సంచులు వచ్చాయి. వాగులో ఉతికి, బండల మీద బాది, ఆరబెట్టి, దబ్బనంతో కుట్టారు. మొదటి ఏరుడు అప్పటికే అయిపోయింది. రెండో ఏరుడుకు ఎండ ముదురుతుంది. అందుకే సంత రోజున, తోటకు పోని రోజున, మిట్టమధ్యాహ్నం తండా బయట బట్టబయలు జాగాలో బండి నిలబెట్టి చూడాలనుకున్నారు.

సోమ్లి ముందుగా ఎక్కింది. గోనె తెరల మీద నీళ్లు చల్లించింది. తొట్టి అడుగున, ఉయ్యాల ఉండే ఎత్తులో చాప పరిచి పడుకుంది. కొంతసేపటికి లోపలి నుంచి గురక వినిపించింది. లేపితే, “ఇంత సల్లగ మా ఇంట్ల కూడ లేదు” అని కళ్లు నులుముకుంటూ దిగింది. ఇక తల్లులు ఒక్కొక్కరే ఎక్కి దిగారు. మెచ్చుకోనివాళ్లు లేరు. జంపక్క అయితే పోయినేటి సంగతి తలుచుకుని కప్పును చేత్తో తాకి కళ్లకద్దుకుంది.

ఆఖరుకు జ్యోత్స్న వంతు. బిడ్డను గోరి చేతికిచ్చి ఎక్కింది. థర్మామీటరు చూసుకుంది. బయటికీ లోపలికీ ఉన్న తేడా చూసి తన బొమ్మ నిజమైందని పొంగిపోయింది. గాలి ఒక్కసారి విసురుగా కొట్టింది. తడి గోనె ఊగింది. జ్యోత్స్న గొంతులో ఏదో గీరుకుపోయింది. దగ్గింది. కళ్లలో నీళ్లు. మళ్లీ దగ్గింది.

“ఏందే, ఏడుస్తున్నవా?” అన్నది గోరి బయటి నుంచి.

“లేదత్తా. లోపల... ఘాటు ఉంది.”

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జంపక్క మళ్లీ ఎక్కి గట్టిగా గాలి పీల్చింది. “నాకేం తెలుస్తలేదు.” ఇంకొకామె పీల్చింది. ఆమెకూ లేదు. సోమ్లి గోనెకు ముక్కు ఆనించి మరీ చూసింది. “ఏం లేదు బిడ్డా. వాగు నీళ్ల వాసన అంతే.”

“సైన్సు మేడానికి గాలి కూడ కారమే” అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

జ్యోత్స్నకు సిగ్గేసింది. అందరికీ బాగున్నది తనకే ఎందుకు బాగా లేదు? ఇది నిజంగా ఘాటేనా, లేక బిడ్డను ఇక్కడ వదలాలన్న భయమే గొంతులో అడ్డం పడుతోందా? అట్లా జరగడం ఆమెకు కొత్త కాదు. నిద్రపోతున్న నైనిక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఊపిరి తగిలినా నమ్మక మళ్లీ పెట్టి చూసే మనిషి. దిగిపోయి, ‘ఏం లేదు, నాదే భ్రమ’ అని చెప్పేద్దామనుకుంది. నలుగురు తల్లులు తన నోటి వంకే చూస్తున్నారు.

“నాకైతే గొంతు మండుతుంది చిన్నత్తా” అన్నది. 

సోమ్లి నవ్వలేదు. నవ్వుతున్నవాళ్ల వంక ఒకసారి చూసింది. నవ్వు ఆగింది. ఆమె ఆడవాళ్ల చేతులు చూసింది, తన చేతులు చూసుకుంది. ఎర్రగా, మిరప రసం పట్టి ఒరుసుకుపోయిన వేళ్లు.

“మనల ఎవరం తోటకు పోకుండ ఉన్నం?” అని అడిగింది.

జ్యోత్స్న తప్ప ఎవరూ లేరు. పిల్లలను చూసే గోరి కూడా తోట గట్టునే ఉంటుంది.

“హీరాలాల్!” అని కేక పెట్టింది సోమ్లి. “ఇటు రా. పెండ్లికొడుకువు నువ్వే.”

నడుము పట్టుకుని, గొణుక్కుంటూ వచ్చాడు హీరాలాల్. ఈ కాలమంతా ఇంటి నీడ దాటని మనిషి. ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. గోనె మీద మళ్లీ నీళ్లు చల్లారు. గాలి కొట్టింది. ఒక తుమ్ము. ఇంకో తుమ్ము. ఆపైన లెక్క తెలియలేదు. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య, “సంపుతవా... నన్ను... సోమ్లీ...” అని వినిపించింది. దించేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

అప్పటికి అందరికీ తెలిసిపోయింది. తండాలో ఏ ఇంట్లోనైనా ఉండే గోనె సంచులు ఏవి? మిరపకాయలు నింపినవే. ఎంత బాదినా నార సందుల్లో గింజా పొడీ మిగిలే ఉన్నాయి. తడిపి గాలికి పెడితే ఆ ఘాటు ఊరి ఊరి లోపలికి వస్తోంది. ఇన్నాళ్లు మిరపలో మునిగి తేలిన ముక్కులకు అది తెలియడం లేదు.

“ఒకటే ఘాటు రోజూ తగిలితే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తది” అని జ్యోత్స్న చెప్పింది. “అది తప్పు కాదు చిన్నత్తా. అందరి ముక్కులూ అంతే.”

“తప్పెందుకు కాదు? తప్పే” అన్నది సోమ్లి, అందరికీ వినపడేట్టు. “పిల్లలకు కారం తెర కట్టిన. నేనే కట్టిన. హాయిగ గురక కూడ పెట్టిన.” అంటూనే దబ్బనంతో కుట్టిన తెరలను బర్రున చింపి కింద పడేసింది. ఆ చింపడంలో ఏడుపు లేదు, చిన్నబోవడమూ లేదు. సరిగ్గా రాని గోడను కూల్చి మళ్లీ కట్టే మేస్త్రి తీరు అది. బండి ముందు దిష్టికి కట్టిన దండను కూడా తెంపబోయి ఆగింది. “నిమ్మకాయ ఉండనియ్యండ్రి. మిరపకాయలు మాత్రం తీసెయ్యండ్రి.”

హీరాలాల్ ముక్కు తుడుచుకుంటూ, “నేను లేకుంటే ఈ బండి నడవదని ఎప్పుడన్న ఒప్పుకున్నవా?” అన్నాడు.

“ఈ రోజుకు ఒప్పుకుంటున్న. రేపు మళ్ల అడగకు.”

మరి తెరలకు ఏం కట్టాలి? ఏమీ మాట్లాడకుండా గోరి ఇంట్లోకి పోయి, ట్రంకు పెట్టెలోంచి తన పాత ఘాగ్రా తెచ్చింది. పెళ్లినాటిది. దళసరి నూలు బట్ట, అంచుల నిండా కుట్టుపని, అద్దాలు. పండుగలకు కూడా కట్టడం మానేసి ఎన్నేళ్లయిందో. “దీనికి నీళ్లు మస్తు పడతయ్” అన్నది. “కట్టుకున్నన్నాళ్లు ఈ బరువు నేను మోసిన. ఇప్పుడు బండి మోస్తది.” ఆమెను చూసి ఇంకో ఇద్దరు ముసలమ్మలు తమవీ తెచ్చారు.

జ్యోత్స్న వెంటనే అద్దాల వంక చూసింది. పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటే? అడగడానికి మొహమాటపడుతుంటే గోరే బ్లేడు తీసుకుని కూర్చుంది. “చెయ్యి అందే జాగల అన్నీ ఇప్పేస్త. మీదివి ఉంటయ్. అవి బయటి దిక్కు తిప్పుదాం. ఎండ వచ్చిన దారినే పోతది. సైన్సే కదా?”

“సైన్సే అత్తా” అన్నది జ్యోత్స్న.

*

శివరాత్రి ముందు రోజు జ్యోత్స్న తానూ ముఠాతో పోయింది. తోట గట్టున బండి నిలబడింది. పచ్చటి ఘాగ్రాలు నీళ్లు కారుస్తూ ఊగుతున్నాయి, మీది అద్దాలు సూర్యుణ్ణి ముక్కలు చేసి పొలం మీదికి విసురుతున్నాయి. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి చూశారు. తోట రైతు వచ్చి చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, “మా ఇంటి కంటే బాగుంది కదనే” అన్నాడు. “కిరాయికి ఇస్త, వస్తవా?” అన్నది సోమ్లి. చంటిపిల్లల తల్లుల మాట ఆ తర్వాత అతను ఎత్తలేదు.

జ్యోత్స్న లోపల చాప మీద పడుకుంది. దగ్గు రాలేదు. తడి నూలు వాసన, పక్క ఉయ్యాలలో నైనిక ఊపిరి. పొద్దు తిరిగింది, నీడ మాత్రం తిరగలేదు. చేతిలో థర్మామీటరు ఉన్న సంగతి మధ్యలో మరిచిపోయి నిద్రపోయింది. లేచేసరికి నైనిక పొడుగు తాడు ఉయ్యాలలో నెమ్మదిగా ఊగుతోంది. మిగతా నలుగురు బిడ్డలూ తమ తమ ఉయ్యాలల్లో ఉన్నారు. ఎవరు ఎప్పుడు తెచ్చి పడుకోబెట్టారో ఆమెకు తెలియలేదు. సాళ్ల మధ్య నలుగురు తల్లుల తువ్వాళ్లు కనిపిస్తున్నాయి. వెనక్కి తిరిగి చూసేవాళ్లు లేరు.

శివరాత్రి అయ్యాక జ్యోత్స్న బడికి పోయింది. మొదటి రోజు ఇంటర్వెల్‌లో గోరికి ఫోను చేసింది. గోరి ఎత్తలేదు. మళ్లీ చేసింది. తర్వాత సోమ్లి ఎత్తింది. “మీ అత్త కూడ పండుకుంది” అని పెట్టేసింది.

ఇప్పుడు జ్యోత్స్నకు ఒక అలవాటు వచ్చింది. బడి ప్రయోగశాలలో ఏ ప్రయోగం చేసినా, పిల్లలు రాకముందు తాను పోయి వాళ్ల బల్ల దగ్గర, వాళ్ల ఎత్తుకు వంగి కాసేపు కూర్చుంటుంది. తర్వాత తెలుగు మాస్టారును పిలుస్తుంది. ఆ వాసనలు అలవాటు లేని మనిషి ఆయన. “ఏం మేడం, మళ్లీ నా ముక్కు కావాలా?” అంటూ వచ్చి నిలబడతాడు. ఆయన మొహం చిట్లిస్తే కిటికీలు తెరుస్తుంది. పైయేడు నైనికను అంగన్వాడీకి పంపాలి. అక్కడా మధ్యాహ్నం పూట నేల మీద కూర్చుని వచ్చింది, తోడుకు హీరాలాల్ మామను తీసుకుపోయి మరీ. భయం పోలేదు. అయితే రాత్రిళ్లు లెక్కలు కట్టుకుంటూ కూర్చునే భయం కాదు అది. ఆ భయం ఇప్పుడు పొద్దున లేచి పనికి పోతోంది.

ఆ రోజు గోనెలు చింపి పడేశాక, చేతులు దులుపుకుంటూ సోమ్లి ఆమెతో అన్నది ఇది:

“పిల్లను పెట్టే జాగల ముందు నువ్వు పండుకో బిడ్డా. అంతటితోని సరిపోదు. అది నీకు అలవాటైన జాగైతే, అలవాటు లేనోళ్లను ఒకసారి పండుకోబెట్టు. వాళ్లు తుమ్మితే నవ్వకు.”